సూరికి, కేలీ వాయించే ముందు

ఒరేయ్ సూరీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. గ్లాస్గోలో ఓ పెళ్ళికి కేలీ బ్యాండ్‌లో కీబోర్డు వాయించమన్నారు, పైగా "కాస్త మోడర్న్‌గా ఉండాలి, ఎలక్ట్రానిక్ సరుకంతా నీదే" అన్నారు. నువ్వేమో "ఫోక్ మ్యూజిక్కే కదరా, మూడు కార్డులు, కింద ఒక లూపు, అయిపోయె" అంటున్నావు (కార్డంటే కలిపి మోగే స్వరాలు, లూపంటే మళ్ళీ మళ్ళీ తిరిగే ముక్క). అవదురా బాబూ. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. టీ పెట్టుకుని కూర్చో.

ముందు పేరు. స్పెల్లింగ్ చూసి అక్కడ "సీలిడ్" అనేవు, పరువు పోతుంది. కేలీ. గేలిక్ మాట. పూర్వం ఇరుగుపొరుగు ఓ ఇంట్లో చేరి కథలు, పాటలు, ఫిడేలుతో పొద్దుపుచ్చడాన్ని అలా అనేవాళ్ళు. ఇప్పుడు కేలీ అంటే డాన్సు. (వాళ్ళూ ఫిడేలనే అంటారు. వయొలిన్ అంటే సూటు వేసుకుని వాయించేదన్నమాట.)

నువ్వు ఆర్కెస్ట్రాలో వాయిస్తుంటే కుర్చీల్లో కూర్చుని వింటారు. ఇక్కడ కుర్చీలు గోడకి నెట్టేస్తారు, జనమంతా ఫ్లోరు మీదే. వాళ్ళ కాళ్ళు నీ బార్ల (మన ఆవర్తనాల్లాంటి తాళం కొలత) లెక్క మీద నడుస్తాయి. బాణీలు చాలావరకు ఒకే కొలతలో ఉంటాయి: 8 బార్ల మొదటి భాగం రెండుసార్లు, 8 బార్ల రెండో భాగం రెండుసార్లు, మొత్తం 32. డాన్సులు కూడా ఆ కొలతకే కుట్టిన చొక్కాలు. సౌండు మార్చు, కార్డులు మార్చు, బీటు మార్చు, ఎవరూ ఏమీ అనరు. ఆ 8ని మాత్రం కదిలించావా, హాలంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు.

ఎలాగో గే గోర్డన్స్ అనే డాన్సు తీసుకుని చెప్తాను. చాలా కేలీలు దీనితోనే మొదలవుతాయి. జంటలన్నీ హాలు చుట్టూ గుండ్రంగా, గడియారం ముల్లుకి ఎదురు దిశలో నిలబడతాయి. అబ్బాయి కుడి చెయ్యి అమ్మాయి భుజాల వెనకనుంచి వెళ్ళి ఆమె కుడి చెయ్యి అందుకుంటుంది, ఎడమ చేతులు ముందువైపు కలుస్తాయి. నాలుగడుగులు ముందుకి. చేతులు వదలకుండా వెనక్కి తిరిగి, పోతున్న దిక్కుకే వెనకడుగులతో ఇంకో నాలుగు. మళ్ళీ అదంతా వచ్చిన దారినే. ఇక్కడికి 8 బార్లు. 9 నుంచి 12 దాకా అమ్మాయి అబ్బాయి చేతి కింద గిరగిరా తిరుగుతుంది. 13 నుంచి 16 దాకా ఇద్దరూ పట్టుకుని హాలు చుట్టూ పోల్కా. బార్‌కి రెండడుగులు, 16 బార్లకి 32 అడుగులు. నిమిషానికి 112 అడుగుల వేగంలో ఒక చుట్టుకి 17 సెకన్లు, పన్నెండు చుట్లకి సుమారు మూడున్నర నిమిషాలు.

ఇప్పుడు నీ బుద్ధి నాకు తెలుసు. డ్రాప్ (ఆపిన బీటు మళ్ళీ దిగే చోటు) ముందు "ఇంకో రెండు బార్లు సాగదీద్దాం, మజా వస్తుంది" అనుకుంటావు. నువ్వు సాగదీసేసరికి జనం కొత్త చుట్టు మొదలెట్టి ముందుకి నడుస్తుంటారు, నీ బాణీ ఇంకా పోల్కా దగ్గరే ఉంటుంది. సగంమంది ఆగి నీకోసం చూస్తారు, మిగతా సగం ఆగరు, వెనకాల జంట వచ్చి గుద్దుతుంది. అలా జరిగితే జనాన్ని నీ దగ్గరికి రప్పించాలని చూడకు, రారు. కాలర్ (డాన్సు అడుగులు చెప్పే మనిషి) మైకులో "ఫార్వర్డ్" అనగానే బ్యాండంతా బాణీ మొదటికి దూకేయాలి. సాగదీయాలనే ఉంటే మొత్తం 8 బార్లు ఖాళీ చెయ్, బాణీని ఒక్క ఫిడేలుకి వదిలెయ్, కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) తీసెయ్, స్నేర్ (చిన్న డ్రమ్ము) మాత్రం సన్నగా నడవనీ. కిక్‌ని సరిగ్గా 13వ బార్‌లో, పోల్కా మొదలయ్యే క్షణంలో తిరిగి దింపు. అప్పుడు చూడు హాలు ఎలా లేస్తుందో.

మోడర్న్ బీటు దీనికెలా అతుకుతుందంటావా? చాలా తేలిగ్గా, కారణం కూడా లెక్కే. రీలు, జిగ్గు అని బాణీల్లో రకాలు. రీలు నిమిషానికి 108 నుంచి 112 అడుగులు, ఊపు మీదున్న బ్యాండు ఇంకొంచెం పైకి. హౌస్ (క్లబ్బుల్లో మోగే డాన్సు సంగీతం) బీటు 120 దగ్గర. అంటే దాన్ని కాస్త నెమ్మదిస్తే అడుగుకి ఒక కిక్ చొప్పున రీలు కింద చాపలా పరుచుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు వేగం 112 పెట్టు, 224 పెట్టకు. నొటేషన్ చూసి 224 పెడితే డిలేలు (ప్రతిధ్వని ఎఫెక్టులు), హైహాట్‌లు (తాళాల్లాంటి సింబల్స్) అన్నీ పిచ్చెక్కిపోతాయి. రీలు మన లెక్కలో చతురశ్రం, అడుగుకి నాలుగక్షరాలు. జిగ్గు తిశ్రం, అడుగుకి మూడు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: రీలుకి చేసిన లూపునే జిగ్గు కిందా పెడతారు. మూడు మీద నాలుగు రుద్దితే బాణీ బురదైపోతుంది, కాళ్ళు కుంటుతాయి. జిగ్గుకి వేరే లూపుల బ్యాంకు పెట్టుకో, హైహాట్ ట్రిప్లెట్‌లలోనే ఉండాలి. చేత్తో వాయించినా అంతే. రీలులో ఎడమ చెయ్యి బాస్, కుడి చెయ్యి కార్డు, ధుం-చక్ ధుం-చక్. జిగ్గులో మొదటి అక్షరానికి బాస్, మూడో అక్షరానికి కార్డు.

ఈ కలపడం కొత్తేమీ కాదు. జిమ్మీ షాండ్ (1908–2000) అకార్డియన్‌తో, పియానో, డబుల్ బాస్, డ్రమ్ములతో డాన్సు బ్యాండుకి ఒక కొలత ఏర్పరిచాడు. ఇవాళ "సంప్రదాయం" అనేది చాలావరకు ఆ చప్పుడే. 1990లో ఎడిన్‌బరోలో షూగుల్‌నిఫ్టీ పుట్టింది, తమ సంగీతానికి "ఆసిడ్ క్రాఫ్ట్" అని పేరు పెట్టుకున్నారు. క్రాఫ్ట్ అంటే హైలాండ్స్‌లో చిన్న రైతు కౌలు చెక్క, ఆసిడ్ హౌస్ అనే క్లబ్ సంగీతం పేరు మీద జోకు. ఆ తర్వాత స్కై దీవి నుంచి పీట్‌బాగ్ ఫేరీస్. ఇక మార్టిన్ బెన్నెట్. బ్యాగ్‌పైపు చిన్నప్పటి నుంచే వచ్చు, ఫిడేలూ వాయించేవాడు, క్లాసికల్ చదువు వేరే. 2003లో వచ్చిన "గ్రిట్"లో పాత జానపద గాయకుల రికార్డింగులు తీసుకుని వాటి కింద బీట్లు కట్టాడు. 2005లో 33 ఏళ్ళకే పోయాడు. ఆ ఆల్బం తప్పక విను, కానీ డాన్సుకి నమూనాగా తీసుకోకు. అది వినడానికి కట్టిన సంగీతం, ఫ్లోరు మీద లెక్కపెట్టుకోవడానికి కాదు.

అన్నట్టు, ఈ బాణీలు మన చెవికి మరీ పరాయివీ కావు. మద్రాసు కోటలో బ్యాండువాళ్ళు వాయించిన ఇలాంటి పాశ్చాత్య బాణీల మీదే కదా ముత్తుస్వామి దీక్షితర్ నొట్టుస్వరాలకి సంస్కృత సాహిత్యం రాసింది.

బ్యాగ్‌పైపు ఉందా అని ముందే అడుగు. ఉంటే ఏ పైపో కూడా అడుగు. బోర్డర్ పైపులో, స్మాల్ పైపులో అయితే సాధారణంగా A శ్రుతిలో ఉంటాయి, గొడవ లేదు. పెద్ద హైలాండ్ పైపైతే కాగితం మీద A అని రాసి ఉన్నా వినిపించేది బి ఫ్లాట్ కన్నా పైన, 478 హెర్ట్జ్ దరిదాపుల్లో. అంటే నీ కీబోర్డు ఒక సెమిటోన్ ట్రాన్స్‌పోజ్ చేసి, ఫైన్ ట్యూన్ ఇంకో 40 సెంట్లు (సెంటంటే సెమిటోన్‌లో నూరో వంతు) పెంచాలి. నీ ఒక్కడి సంగతైతే బటన్ నొక్కితే అయిపోతుంది. అకార్డియన్ రీడ్ల (లోపల మోగే రేకుల) శ్రుతి కదలదు కదా, ఆయన ఆ పాటలో చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అందుకే కొందరు పైపర్లు 466 హెర్ట్జ్‌కి చేసిన చాంటర్ (పైపులో స్వరాలు వాయించే గొట్టం) వేరే పెట్టుకుంటారు.

పైపుకి ఉన్నవి తొమ్మిదే స్వరాలు. A ని షడ్జమం అనుకుంటే నీకు తెలిసిన హరికాంభోజి స్కేలే: కైశికి నిషాదం, అంటే జి నాచురల్. ఇప్పుడు నువ్వు పాప్ పాటల నాలుగు కార్డుల చక్రం దాని కింద పెడతావనుకో: ఎఫ్ షార్ప్ మైనర్, డి, A, E. మొదటి మూడూ బంగారం. నాలుగోది E మేజర్, అందులో జి షార్ప్ ఉంది. పైన పైపు జి నాచురల్ పట్టుకుంటుంది. రెండూ ఒకేసారి మోగితే పంటికింద రాయి పడ్డట్టుంటుంది. E కార్డులోంచి ఆ మూడో స్వరం (జి షార్ప్) తీసెయ్, లేదా E మైనర్ వాయించు, ఇంకా మంచిది జి మేజర్. A నుంచి జికి, జి నుంచి A కి ఊగడమే ఈ బాణీల అసలు నడక. పాడ్ (మెత్తగా సాగే సింథ్ సౌండు) మీద ఆ రెండు కార్డులే పొడుగ్గా పట్టుకున్నా చాలు, పనైపోతుంది.

బాస్ విషయం చాలామంది పట్టించుకోరు. అకార్డియన్ ఎడమ చేతిలో 120 బటన్లు, ఆయన అలవాటుకొద్దీ ధుం-చక్ వాయిస్తూనే ఉంటాడు. బాస్ గిటార్ ఒకటి. నీ ఎడమ చెయ్యి ఒకటి. ట్రాక్‌లో సింథ్ బాస్ ఒకటి. ఇలా నాలుగు బాసులు ఒక చెక్క హాల్లో మోగితే అడుగు ఎక్కడ పడుతుందో ఎవరికీ వినపడదు. ఒక్కటే ఉంచు. అకార్డియన్‌కి కుడివైపు, ఎడమవైపు వేరువేరు మైకులుంటే ఎడమది తగ్గించమని సౌండ్ ఆయనకి చెప్పు. ఇంకోటి: అకార్డియన్‌లో ఒకే స్వరానికి రెండు మూడు రీడ్లు కొద్దికొద్ది తేడాతో మోగి ఆ వణుకు వస్తుంది. దాని మీద నువ్వు కోరస్ ఎఫెక్టు వేసిన పాడ్ పెడితే శ్రుతి పోయినట్టే వినిపిస్తుంది. నీ పాడ్ ఎఫెక్టు లేకుండా పొడిగా ఉంచు.

డాషింగ్ వైట్ సార్జెంట్ అనే డాన్సు వస్తే చెవులు నిక్కబొడుచుకో. ముగ్గురికి ఎదురుగా ముగ్గురు. 25, 26 బార్లలో ముందుకొచ్చి కాళ్ళు తడతారు, 27, 28లో వెనక్కెళ్ళి చప్పట్లు కొడతారు. నీ దగ్గర క్లాప్ శాంపిల్ ఉందని అక్కడ వెయ్యకు. ఆ చప్పట్ల చోట బ్యాండు మొత్తం ఆగాలి, వందమంది చేతులు ఒక్కసారి మోగనీ.

ఆర్కేడియన్ (ఆర్క్నీ దీవుల) స్ట్రిప్ ది విల్లో అనే డాన్సు వేరే సంగతి. రెండు పొడుగాటి వరసలు, పైనుంచి ఒక్కో జంట తిరుగుతూ కిందికి, ఒకళ్ళ వెనక ఒకళ్ళు. ఇది ఎప్పుడు ఆగుతుందో ముందే చెప్పలేం, పది నిమిషాలు కూడా పట్టచ్చు. అందుకే నిడివి కట్టేసిన బ్యాకింగ్ ట్రాక్ దీనికి పనికిరాదు. 8 బార్ల లూపులు పాడ్ మీటల (వేలితో నొక్కేవి) మీద పెట్టుకుని చేత్తో వదులు, కాలర్ వేలు చూపిస్తే ఇంకో చుట్టు. జనం అరుస్తుంటే డ్రమ్మర్ వేగం తనకి తెలియకుండానే ఎక్కిపోతుంది, చివరికొచ్చేసరికి 130 దాటిందంటే ఎవరో ఒకరు గోడకి కొట్టుకుంటారు. చెవిలో క్లిక్ (వేగం చెప్పే టిక్ టిక్) ఉంటే ఈ ఒక్క డాన్సుకైనా దాన్ని నమ్మండి. కాలర్ కూడా ముందే చెప్పాలి, వేళ్ళు పట్టుకుని కాదు, మోచేతుల దగ్గర పట్టుకుని తిరగమని.

ఎయిట్‌సమ్ రీలు అనే డాన్సు అడిగితే లెక్క 40, తర్వాత ఎనిమిదిసార్లు 48, మళ్ళీ 40, మొత్తం 464 బార్లు, ఎనిమిది నిమిషాల పైమాటే. కొత్త ప్రయోగాలకి అది చోటు కాదు, బుద్ధిగా వాయించెయ్.

చివర్న అందరూ వలయంగా చేరి "ఆల్డ్ లాంగ్ సైన్" పాడతారు. మొదట నెమ్మది, ఆఖర్న పరుగు. పాడేది జనం కాబట్టి శ్రుతి మరీ పైన పెట్టకండి. లూపులన్నీ ఆపెయ్.

వాళ్ళు సెట్ లిస్టు పంపగానే నాకు పడెయ్. ఏది జిగ్గు, ఏది రీలు, ఏ బాణీ ఏ శ్రుతి, పక్కన గుర్తులు పెట్టి పంపిస్తాను. పైపు సంగతి మాత్రం ఇవాళే అడుగు.

నీ
ప్రసాద్