మీ బిల్లు మీద వత్తుల సంగతి

ఆగస్టులో బెంగళూరు మారతహళ్లి నుంచి, మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే కస్టమర్ ఒకావిడ ఫోన్ చేశారు. కర్రీ పాయింట్ నడుపుతారు. "తమ్ముడూ, మా ముద్దపప్పు ముదపపు అయిపోయింది, వచ్చి చూడు" అన్నారు. వెళ్లి బిల్లు చూస్తే నిజమే. అన్నం 'అనం' అయింది, ఉల్లిపాయ 'ఉలిపాయ' అయింది. ప్రతి వరుసలో అక్షరాల కింద ఉండాల్సిన వత్తులన్నీ కత్తిరించినట్టు ఎగిరిపోయాయి. ఇంకో ఐదారు షాపుల్లోనూ అదే గొడవ. సరిచేయడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులు మీరు కస్టమర్లకు సమాధానం చెప్పుకోలేక పడ్డ ఇబ్బందికి క్షమించమని అడుగుతున్నాను. అంత ఆలస్యం ఎందుకైందో కూడా మీకు చెప్పాలి.

మీ కౌంటర్ మీదున్న చిన్న థర్మల్ ప్రింటర్‌కి తెలుగు అక్షరాలు రావు. అందుకని బిల్లులోని ప్రతి వరుసనూ ముందు బొమ్మగా గీసి, ఆ బొమ్మను చుక్కలుగా పంపిస్తాం. 58 మిల్లీమీటర్ల కాగితం మీద అడ్డంగా పట్టేవి 384 చుక్కలే. 'స్త్రీ' అని రాయాలంటే కంప్యూటర్ లోపల ఆరు సంకేతాలు ఉంటాయి. వాటిని కలిపి, ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చేది హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో తెలుగు సరిగ్గా కనిపించడం వెనకా అదే ఉంది. అది ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దానికీ ప్రింటర్‌కీ మధ్య నిలబడే సాఫ్ట్‌వేర్ ముక్కను 2019లో మేం ముగ్గురం రాశాం. మనకు ఉచితంగా దొరికినదాని మీద కట్టుకున్నాం కాబట్టి దాన్నీ అందరికీ ఇచ్చేశాం. ఇదే ఊళ్లో మనతో పోటీపడే బిల్లింగ్ వాళ్లు కూడా కొందరు వాడుతున్నారు, అది నాకు సంతోషమే.

ముగ్గురిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. ఒకతను కొత్త ఉద్యోగంలో చేరాడు. బయట ఏ కోడ్ రాయాలన్నా అనుమతి తీసుకోవాలని అక్కడి నిబంధన. ఇంకొకరింట్లో కవలలు పుట్టారు. ఇద్దరూ ముందే చెప్పి, మర్యాదగానే తప్పుకున్నారు. పగలంతా షాపుల చుట్టూ తిరిగి రాత్రి పదకొండుకు లాప్‌టాప్ తెరిచేవాణ్ణి. వత్తుల తప్పుకి మందు మూడో రోజుకే దొరికింది. చూసిపెట్టే రెండో మనిషి లేక నేనే పంపేశాను. 58కి సరిపోయింది, 80 మిల్లీమీటర్ల ప్రింటర్లలో మాత్రం వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మిగతా ఎనిమిది రోజులు పోయింది ఆ తప్పు దిద్దడానికే.

సరిగ్గా ఆ వారంలోనే ముక్కూమొహం తెలియని ఒకాయన రాశాడు: "అన్నా, మీకు కష్టంగా ఉన్నట్టుంది, మొత్తం నాకు అప్పగించేయండి." ఇచ్చేద్దామనే అనిపించింది, అంత అలిసిపోయి ఉన్నాను. ఎక్స్‌జెడ్ కథ గుర్తొచ్చి ఆగాను. లైనక్స్ కంప్యూటర్లలో ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ అది. ఏళ్ల తరబడి దాన్ని దాదాపు ఒక్కడే చూసుకుని అలిసిపోయాడు లాసె కాలిన్. 'జియా టాన్' అనే పేరుతో ఎవరో వచ్చి, రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించి, చివరికి 2024లో ఆ కంప్యూటర్లలోకి బయటివాళ్లు దూరేలా దొంగదారి పెట్టారు. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్విచూడబట్టి మార్చి నెలాఖరులో బయటపడింది. ఆ అలసట ఎలాంటిదో నాకిప్పుడు తెలుసు. అలాంటప్పుడు ఎవరు చేయి చాపినా దేవుడిలాగే కనిపిస్తారు. నాకు రాసినాయన చెడ్డవాడని అనను. ముందు చిన్న పనులతో మొదలుపెడదాం అన్నాను, మళ్లీ రాయలేదు.

అంతకుముందు నాలుగు నెలలుగా ప్రాజెక్ట్ పేజీ మీద 'వాలంటీర్లు కావాలి' అని రాసిపెట్టే ఉంది. ఒక్కరూ రాలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడిగానుగానీ ఏం కావాలో చెప్పలేదు. సెప్టెంబర్లో అది తీసేసి, 'పెసరట్టు', 'గుత్తొంకాయ', 'స్త్రీలకు' లాంటి నలభై మాటల పట్టిక పెట్టాను. మీ ప్రింటర్లో ఇది వేసి ఫోటో పంపండి, చాలు అన్నాను. వారంలో ఏడు ఫోటోలు వచ్చాయి. అందులో ఒకటి కేఆర్ పురంలో మన కస్టమర్ షాపులో క్యాషియర్‌గా ఉన్న అబ్బాయి పంపాడు. బిల్లు పక్కన స్కేలు పెట్టి మరీ తీశాడు! ఎన్ని మిల్లీమీటర్లు తెగిందో దాంతో తెలిసిపోయింది. అతనికి కోడ్ రాదు. ఆ ఫోటో మాత్రం నా వారం పని తగ్గించింది.

ఆ ఏడుగురిలో ఇద్దరు నిలబడ్డారు. ఒకమ్మాయి అనంతపురంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఇంకొకాయన చెన్నైలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు కూర్చుంటారు. వాళ్లకు జీతమిచ్చే స్తోమత నాకు లేదు. చెరో రెండు ప్రింటర్లు, పేపర్ రోల్స్ కొని పంపాను, సొంత డబ్బు ఖర్చుపెట్టి మనకు పనిచేయాల్సిన గతి వాళ్లకు పట్టకూడదని. ఇప్పుడు వచ్చే ప్రశ్నలకు జవాబులు వాళ్లే ఇస్తున్నారు. తర్వాత ఒకరి కోడ్ ఒకరు చూస్తారు. రిలీజ్ చేసే హక్కు సంక్రాంతి తర్వాతే. అప్పుడు కూడా ఇద్దరు సరే అంటేనే ఏదైనా మీ దగ్గరికి వస్తుంది. నేను రాసినదానికైనా అంతే.

దీనివల్ల మీకు మారేవి చెబుతాను. ఇకనుంచి గురువారం మొత్తం ఈ పనికే పెడుతున్నాను, కొత్తవాళ్లకు నేర్పడమే అందులో ఎక్కువ. ఆ రోజు ఫోన్ మా ఆఫీసు అబ్బాయి ఎత్తుతాడు, ప్రింటర్ ఆగిపోతే అతనే వస్తాడు. వాట్సాప్ బిల్లు దసరాకి ఇస్తానన్నాను, ఉగాదికి గానీ కాదు. ఏడాది చందా పెంచడం లేదు. కొత్త ప్రింటర్ కొనే ముందు మోడల్ పేరు నాకు ఒకసారి చెప్పండి.

ఈ వారంలో మా ఆఫీసు అబ్బాయి వచ్చినప్పుడు ఆ నలభై మాటల బిల్లు మీ షాపులోనూ తీయించండి. రెండు నిమిషాల పని. ఏ వత్తు తెగినా పెన్నుతో చుట్టి ఇవ్వండి, అదే రోజు అనంతపురానికీ చెన్నైకీ పంపిస్తాను.