వనరుల పాఠం చెప్పబోయే అమ్మాయికి

చిన్నీ,

ఏడో తరగతికి సహజ వనరుల పాఠం ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తోచడం లేదని రాశావు. గాలి, నీరు, నేల, అడవులు, ఖనిజాలు అని బోర్డు మీద వరసగా రాసి, పక్కన తరిగేవి, తరగనివి అని రెండు గడులు గీసే పద్ధతి మాత్రం వద్దమ్మా. అది పిల్లలు ఒక్క రాత్రిలో బట్టీ పట్టేస్తారు. కానీ భూగర్భ జలం ఏ గడిలోకి వస్తుందని నిలదీస్తే తేల్చుకోలేరు. ఎంత తీస్తున్నాం, ఎంత తిరిగి చేరుతోంది అన్న లెక్కను బట్టి అది అటూ ఇటూ మారుతుంది మరి. పాఠమంతా ఆ లెక్క చుట్టూనే నడిపించు.

పెన్సిల్‌తో మొదలుపెట్టు. ఇందులో ఏమేం ఉన్నాయని అడిగితే చెక్క అంటారు, సీసం అంటారు. లోపలిది సీసం కాదు, గ్రాఫైట్ పొడీ బంకమట్టీ కలిపి కాల్చిన పుల్ల. మట్టి పాలు పెరిగేకొద్దీ పుల్ల గట్టిపడి గీత లేతగా పడుతుంది. రబ్బరును పట్టి ఉంచే పట్టీ చాలా పెన్సిళ్లలో అల్యూమినియమే. ఆ లోహం దొరికే బాక్సైట్ రాయి మనిషి పుట్టకముందు నుంచీ నేలలో ఉంది. విద్యుత్తుతో అల్యూమినియాన్ని చవకగా వేరుచేసే పద్ధతిని 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ హెరూ ఎవరికి వారు కనిపెట్టాకే అది అందరి వాడకంలోకి వచ్చింది. పదార్థం ప్రకృతిది, దాన్ని వాడుకునే తెలివి మనిషిది, రెండూ కలిస్తేనే వనరు. నిర్వచనం ఇక్కడ చెబితే నిలుస్తుంది.

తర్వాత గింజల ఆట. దీనికి ఒక పీరియడ్ పూర్తిగా కేటాయించు. నలుగురు పిల్లలకు ఒక పళ్లెం, అందులో 40 గింజలు. అవి చెరువులో చేపలనుకోమను. ప్రతి విడతలో ఒక్కొక్కరూ మాట్లాడుకోకుండా ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు. పళ్లెంలో మిగిలినవాటికి అన్నే గింజలు నువ్వు కలుపుతావు, మొత్తం 40 మాత్రం దాటకూడదు. విడత విడతకూ మిగిలిన లెక్క బోర్డు మీద రాయించు. పొదుపు గురించి ముందుగా ఒక్క మాట కూడా అనకు. అంటే నిన్ను మెప్పించడానికి ఆడతారు, ఆట చెడిపోతుంది. ఏదో ఒక జట్టు మొదటి విడతలోనే పళ్లెం ఖాళీ చేస్తుంది. కసరకు, సున్నా రాసి మిగతా జట్లను చూస్తూ కూర్చోమను, అంతే.

రెండోసారి మాట్లాడుకోనివ్వు. అప్పుడు లెక్క వాళ్లే పట్టుకుంటారు. తలా 5 తీస్తే 20 మిగులుతాయి, రెట్టింపై మళ్లీ 40. ఎన్నాళ్లయినా సాగుతుంది. తలా 6 తీస్తే మిగిలేవి 16, అవి 32 అవుతాయి. మళ్లీ 24 పోతే 8, అవి 16 అవుతాయి. మూడో విడతకు 24 కావాలి, ఉన్నవి 16. తలకు ఒక్క గింజ ఎక్కువైనందుకే చెరువు ఖాళీ. చేపలకే కాదు, కలపకూ భూగర్భ జలానికీ ఇదే లెక్క.

మూడోసారి రెట్టింపు చేయడం ఆపెయ్. ఇది బొగ్గు, పెట్రోలియం. తలా 5 తీస్తే రెండు విడతలు, తలా 1 తీస్తే పది విడతలు. పొదుపు గడువును పెంచుతుందే తప్ప గింజను తిరిగి తేలేదు. బొగ్గు తయారవడానికి కోట్ల ఏళ్లు పడుతుంది మరి. లోహాల సంగతి వేరు. కాల్చిన బొగ్గు మళ్లీ చేతికి రాదు గానీ వాడేసిన అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడొచ్చు. ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో అందుకు సుమారు 5 శాతం చాలు. ఎండ, గాలి ఎంత వాడినా తరగవు, నిజమే. కానీ వాటిని పట్టే పలకలకూ మరలకూ లోహాలు కావాలని ఎవరైనా పిల్ల అడిగితే ఆ పిల్లను మెచ్చుకో.

నీటికి ఒక లీటరు చాలు. పారదర్శకమైన సీసాలో 1 లీటరు పోసి, భూమ్మీది నీరంతా ఇదే అనుకోమను. కొలజాడీతో 25 మిల్లీలీటర్లు వేరుచేసి దానికి మాత్రమే రంగు కలుపు. అది మంచినీటి వాటా. మిగిలిన 975లో సుమారు 34 గ్రాముల ఉప్పు వేస్తే సముద్రం. 25లో దాదాపు 17 మిల్లీలీటర్లు హిమానీనదాలు, మంచు పలకలు. ఏడున్నర భూగర్భ జలం. నదులు, మంచినీటి సరస్సుల వాటాకు డ్రాపర్‌తో ఒక చుక్క, మహా అయితే రెండు. మిల్లీలీటరుకు 20 చుక్కలని గుర్తుంచుకో. ఇది చూశాక పిల్లలు భూమ్మీద నీళ్లు అయిపోతున్నాయని అనుకుంటారు. మొత్తం నీరు తగ్గదు, ఆవిరై మళ్లీ కురుస్తుంది. అవసరమైన చోట, అవసరమైన వేళకు, శుభ్రంగా దొరికేదే తగ్గుతుందని వెంటనే చెప్పాలి.

భూగర్భ జలమంటే నేల కింద పారే నదని కూడా అనుకుంటారు. 500 మిల్లీలీటర్ల పొడి ఇసుక గాజు పాత్రలో పోసి, అంచు వెంబడి 10 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు పోయించు. పైన నీటి మెరుపు కనిపించేసరికి 150 నుంచి 200 దాకా పడతాయి, ఇసుక మట్టం మాత్రం పెరగదు. రేణువుల సందుల్లోనే నీరు దాక్కుంది. ఇంకా తక్కువ పట్టిందంటే ఇసుక తడిదైనా అయ్యుండాలి, గబగబా పోయడంతో లోపల గాలి బుడగలైనా చిక్కుకుని ఉండాలి. ముందు రోజే ఎండబెట్టుకో. మళ్లీ వంచితే పోసినంతా రాదు, కొంత రేణువులను అంటుకునే ఉంటుంది. బోరు వేసినా అంతే.

గాలి గురించి చెప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త. వెలిగే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించి, పైకెక్కిన నీటిని చూపించి, అయిదో వంతు ఆక్సిజన్ ఖర్చయిందని చెప్పే ప్రయోగం ఒకటుంది. అది చేయకు. ఆక్సిజన్ కొంత మిగిలి ఉండగానే కొవ్వొత్తి ఆరిపోతుంది. లోపలి వేడి గాలి చల్లారి కుంచించుకోవడం వల్లనే నీరు ఎక్కువగా పైకెక్కుతుంది. నైట్రోజన్ 78, ఆక్సిజన్ 21 శాతం అని నోటితో చెబితే చాలు.

నేలకు మాత్రం రెండు రోజుల ముందే సిద్ధపడాలి. నిటారు గోడల గాజు జాడీలో మూడో వంతు మట్టి, రాళ్లూ వేర్లూ ఏరేసి పొయ్యి. నీళ్లు నింపి, చెంచాడు బట్టల సబ్బుపొడి వేసి, మూత బిగించి అయిదు నిమిషాలు బాగా కుదుపు. సబ్బు లేకపోతే మట్టి ముద్దలు విడిపోవు, పొరలు తప్పుగా వస్తాయి. నిమిషంలో ఇసుక, రెండు గంటల్లో ఒండ్రు, ఒకటి రెండు రోజులకు బంకమట్టి అడుగుకు చేరతాయి. స్కేలుతో పొరలు కొలిపించు. ఈ లోపు జాడీని ఎవరూ కదపకూడదు, కదిపితే మళ్లీ మొదటికే. అందుకని తరగతిలో కాకుండా స్టాఫ్ రూమ్ అలమారా మీద పెట్టుకో.

ఆశీస్సులతో,
అమ్మ