మందుంది, ఎకో లేదు

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెలికి ఏడో నెల నడుస్తుండగానే కాన్పయింది. 28 వారాల బిడ్డ, కిలో బరువు. జిల్లా ఆస్పత్రి ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ పసికందుల ప్రత్యేక వార్డు) బాగానే చూసుకున్నారు. నాలుగో రోజు ఆయాసం పెరిగింది. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి, "పీడీఏలా ఉంది, ఎకో (గుండె స్కాన్) తీస్తేగానీ చెప్పలేను" అన్నారు. ఎకో తీసే ఆయన వారానికోసారి వస్తారట. ఆక్సిజన్ పెట్టుకుని అంబులెన్సులో మూడు గంటలు నగరానికి పోయాం.

ఇంటి దగ్గర "గుండెకు చిల్లట" అని ఒకటే ఏడుపు. ఆపరేషన్‌కని అమ్మ గొలుసు తాకట్టు పెట్టబోయింది. తీరా పీడీఏ అంటే చిల్లు కాదు, గుండె దగ్గరి నాళం మూసుకోకపోవడం. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులతో పనిలేదు కాబట్టి రక్తాన్ని పక్కదారిన పంపే చిన్న నాళం అది. నెలలు నిండి పుట్టినవాళ్లకు రెండు మూడు రోజుల్లో దానంతటదే మూసుకుంటుంది. ముందే పుట్టినవాళ్లకు చాలాసార్లు తెరిచే ఉండి, ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువగా పోతుంది.

ఎకో చూశాక ఇచ్చిన మందేమిటనుకున్నారు? జ్వరానికి వాడే ఇబుప్రోఫెన్ సిరప్పే. మొదటిరోజు అర మిల్లీలీటరు, తర్వాత రెండు రోజులూ అందులో సగం, పాలు పోసే గొట్టంలోంచే. అయితే ఆ చుక్కల వెనక కాపలా మామూలుగా లేదు. మూత్రం తగ్గిందేమోనని నర్సు తడిసిన ప్రతి డైపరూ తూకం వేసి రాసుకునేది. కిడ్నీలు దెబ్బతినొచ్చు, రక్తస్రావం కావొచ్చు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే అసలు ఇవ్వరు. అలాంటప్పుడు కొందరికి పారాసిటమాల్ వాడతారట.

పోనీ, అనుమానం వస్తే అందరికీ పోసేస్తే? 2024లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో నాళం పెద్దగా ఉన్న 653 మంది పసికందులను చూశారు. పుట్టిన మూడు రోజుల్లోపే ఇబుప్రోఫెన్ ఇచ్చినా మరణాలూ, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బూ తగ్గలేదు. కొందరికి కాచుకుని చూడటమే వైద్యం. ఎవరికి మందు, ఎవరికి ఓపిక అన్నది ఎకో చూడకుండా తేల్చేదెలా? మందు వేయలేదని డాక్టర్ల మీద విరుచుకుపడే మాలాంటి బంధువులూ ఇది గమనించాలి (నేనూ ఆ రోజు గొంతు పెంచినవాణ్నే).

వైద్యారోగ్య శాఖను అడిగేదొకటే. ప్రతి ఎస్‌ఎన్‌సీయూకు పసిపిల్లలకు పనికొచ్చే ప్రోబ్‌తో ఒక పోర్టబుల్ ఎకో యంత్రం ఇవ్వండి. అక్కడి పిల్లల డాక్టర్లకే ఈ నాళం చూడటం నేర్పించండి. సందేహమొస్తే ఆ వీడియోను నగరంలోని కార్డియాలజిస్టుకు ఫోన్‌లో పంపించుకోవచ్చు. ఇబుప్రోఫెన్ సీసా మా జిల్లా ఆస్పత్రి మందుల కౌంటర్లో అప్పుడూ ఉంది.

— ఒక మేనమామ, ఉత్తరాంధ్ర