ఖాళీ ఎప్పుడొస్తుందో ముందే తెలుసు, టీచరే ఆలస్యం

సంపాదకులకు,

బడులు తెరిచాక టీచర్ల సర్దుబాటు మొదలుపెట్టే అలవాటు విశాఖలో ఇకనైనా పోవాలి. సర్వీసు రిజిస్టర్ మొదటి పేజీలోనే పుట్టిన తేదీ ఉంటుంది. 62 ఏళ్లు నిండి ఎవరు ఏ నెలాఖరున దిగిపోతారో ఏళ్ల ముందే లెక్క కట్టొచ్చు. అయినా ఏర్పాట్లు మాత్రం కుర్చీ ఖాళీ అయ్యాకే!

ఒక హైస్కూల్లో ఉన్న ఒక్క లెక్కల స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) అక్టోబరు 31న రిటైరయ్యారనుకోండి. 9, 10 తరగతుల్లో రెండేసి సెక్షన్లు, సెక్షన్‌కు రోజుకో పీరియడ్ చొప్పున వారానికి 24 పీరియడ్లు. టైమ్‌టేబుల్లో ఆ గడుల్లో తెలుగు మాస్టారి పేరో, పీఈటీ (వ్యాయామ టీచర్) పేరో రాస్తారు. పిల్లలు గదిలోనే ఉంటారు, లెక్కలు మాత్రం సాగవు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు.

పై ఖాళీ పైనే ఆగదు. హెడ్మాస్టర్ దిగిపోతే స్కూల్ అసిస్టెంట్‌కు ప్రమోషన్, ఆ స్థానంలోకి చిన్న తరగతులకు చెప్పే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్). చివరికి లోటు భీమిలి, పద్మనాభం వైపు ఏ చిన్న బడిలోనో తేలుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. ఒకరు 180 రోజుల ప్రసూతి సెలవు పెడితే ఐదు తరగతులూ రెండోవారి నెత్తినే. సెలవు ఆమె హక్కు, బదులు మనిషిని చూడకపోవడమే తప్పు. ఖాళీలు 10 శాతం దాటకూడదని అదే చట్టం చెబుతోంది. ఇద్దరున్న బడిలో ఒక్క ఖాళీ అంటే 50 శాతం.

అందుకే జనవరిలోనే ప్రతి ఎంఈఓ (మండల విద్యాధికారి) రాబోయే జూన్ నుంచి మే దాకా విరమణలు, తెలిసిన దీర్ఘ సెలవులు నెలవారీగా, సబ్జెక్టువారీగా పట్టిక రాయాలి. మొత్తం అంకె ఎందుకూ కొరగాదు, తెలుగులో మిగులుంటే ఫిజికల్ సైన్స్ పాఠం నడవదు కదా. సీనియారిటీ జాబితాలు ఫిబ్రవరిలో పెట్టి, అభ్యంతరాలు మార్చిలో తేల్చి, ప్రమోషన్లు, బదిలీలు పై కేడర్ నుంచి కిందికి వేసవిలోనే ముగించాలి. ఏడాది మధ్య ఖాళీల కోసం దగ్గరి బడులను కలిపిన ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌లో ఒక టీచర్‌ను రిజర్వులో ఉంచాలి, ఆఫీసు పనులకు వాడుకోకూడదు.

2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా మూడైనా 2025 మెగా డీఎస్సీ (టీచర్ల నియామకం) ఉమ్మడి జిల్లా లెక్కనే జరిగింది. కాబట్టి ఈ పట్టిక అనకాపల్లి, పాడేరు వైపు బడులతో కలిపే ఉండాలి. ఏజెన్సీలో పనిచేసే టీచర్‌కు మైదానానికి బదిలీ అయితే, బదులు వచ్చేవారు విధుల్లో చేరిన రోజే రిలీవ్ చేయాలి.

– విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, విశాఖపట్నం