ఈసారి మొక్కలకు ముస్తాబు చేయడం లేదు

మా దగ్గర బోన్సాయ్ మొక్కలు, అంటే కుండీలో చిన్న చెట్లుగా పెంచే మొక్కలు, కొన్న అందరికీ నమస్కారం.

గత విడతలో మేము పంపిన జూనిపర్ అనే సూది ఆకుల మొక్కల్లో కొన్ని చనిపోయాయి. మీలో కొందరు ఫోన్ చేసి చెప్పారు, కొందరు ఫొటోలు పంపారు. అందరూ చెప్పింది ఒకటే: మొక్క వచ్చిన రోజు పచ్చగా ఉంది, నెల దాకా పచ్చగానే ఉంది, తర్వాత చూస్తుండగానే ఎండిపోయింది. నీళ్లు ఎక్కువ పోశామేమో, తక్కువ పోశామేమో అని మీరు బాధపడ్డారు. తప్పు మాది.

నర్సరీల నుంచి తెచ్చిన ఆ మొక్కలకు మేము ఒకే నెలలో కొమ్మలు కత్తిరించాం, వాటిని వంచడానికి లోహపు తీగ చుట్టాం, వేళ్లు కోసి చిన్న కుండీల్లోకి మార్చాం. బోన్సాయ్‌లా కనిపిస్తేనే కొంటారన్న తొందర అది. జూనిపర్‌తో చిక్కేమిటంటే, వేళ్లు చనిపోయినా ఆకు కొన్ని వారాల పాటు పచ్చగానే ఉంటుంది. అంటే కొన్ని మొక్కలు మా దగ్గర పెట్టెలో సర్దే నాటికే ప్రాణం పోయి ఉన్నాయి. ఈ మాట రాయడం కష్టంగా ఉంది, కానీ మీకు తెలియాలి. చనిపోయిన ప్రతి మొక్కకూ బదులు మొక్క పంపుతున్నాం. ఒక ఫొటో పంపితే చాలు.

ఇక మీదట మొక్కలు నర్సరీ కుండీలోనే, ఆ మట్టితోనే, కత్తెర పడకుండా, తీగ లేకుండా వస్తాయి. చూడటానికి గుబురుగా, ఒక పక్కకు ఒరిగి, కాస్త వికారంగానే ఉంటాయి. మా పని తగ్గింది కాబట్టి ధర కూడా తగ్గించాం. ‘అలాంటప్పుడు మేమే నర్సరీకి వెళ్లి కొనుక్కోవచ్చు కదా’ అని ఒకరు అడిగారు. నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు. మేము ఎలా ఎంచుతామో చెబుతాను, ఈసారి నర్సరీకి వెళ్లినప్పుడు మీకే ఉపయోగపడుతుంది.

బోన్సాయ్ అని బోర్డు పెట్టిన అరల వైపు మేము వెళ్లం. తోటల్లో అంచులకు, నేలను కప్పడానికి నాటే మామూలు సూది ఆకుల మొక్కల వరుసకు వెళతాం. అక్కడ కూడా ముందు వరుస వదిలేస్తాం. నర్సరీవాళ్లు ఎత్తును బట్టి, నిండుదనాన్ని బట్టి, కాండం నిటారుగా ఉండటాన్ని బట్టి ధర కడతారు. ఆ మూడింటితోనూ మనకు పని లేదు. వెనక మూలలో ఏళ్ల తరబడి అమ్ముడుపోక, పడిపోయి మళ్లీ పైకి తిరిగి, నడుము వంకర పోయిన మొక్కలు ఉంటాయి. వాటి మొదలు లావెక్కి ఉంటుంది. ఎత్తు తగ్గించడానికి ఒక్క కోత చాలు, కాండం లావెక్కడానికి ఏళ్లు పడుతుంది. చిన్న కుండీలోకి చేరాక అది ఇంకా నెమ్మదిస్తుంది. అందుకే లావు ఉన్నదాన్ని కొనాలి. అవి అమ్ముడుపోనిది ఆకారం బాగాలేక. ఆరోగ్యం పాడైన మొక్క ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి.

చూపు ఎప్పుడూ కింద మొదలుపెట్టాలి. పెద్ద కుండీలోకి మార్చిన ప్రతిసారీ పైన ఇంకొంచెం మట్టి పడుతుంది, అసలు మొదలు లోపల పూడుకుపోతుంది. పోయిన వారం ఒక జూనిపర్ పైకి పెన్సిలంత సన్నంగా కనిపించింది. యజమానిని అడిగి వెదురు పుల్లతో మట్టి మెల్లగా గీకాను. పైన తగిలినవి వెంట్రుకల్లాంటి వేళ్లు. రెండు చేతివేళ్ల లోతున కాండం విచ్చుకోవడం మొదలైంది. మూడు చేతివేళ్ల లోతుకు వెళ్లేసరికి బొటనవేలంత లావు కాండం, అటూ ఇటూ చాచిన రెండు గట్టి వేర్లు. దాని పక్కనున్న మొక్క పైకి ఇంకా అందంగా ఉంది. గీకి చూస్తే ఒక వేరు మెడ చుట్టూ తాడులా బిగుసుకుని ఉంది. దాన్ని అక్కడే వదిలేశాను.

తర్వాత గుబురును చేత్తో విడదీసి లోపలికి చూడాలి. మామూలు పూల మొక్కల అనుభవంతో వచ్చేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. జూనిపర్లు, పైన్‌లు ఆకు లేని పాత కొమ్మ మీద సాధారణంగా చిగురించవు. యూ అనే మరో సూది ఆకుల చెట్టు చిగురిస్తుంది, కానీ మిగతావాటి మీద ఆ ఆశ పెట్టుకోకూడదు. బయట గోడలా పచ్చదనం ఉండి లోపల అంతా బోడిగా ఉంటే ఆ కొమ్మను పొట్టి చేయలేరు. పచ్చదనం లేనిచోట కోస్తే ఆ కొమ్మ అక్కడితో సరి. కాండానికి దగ్గరగా చిన్న రెమ్మలు కనిపిస్తున్నాయంటే మొక్క మీకు పనికొస్తుంది. ఎండిన మొండి కొమ్మలున్నాయని మాత్రం వెనకాడవద్దు. బెరడు ఒలిచి వదిలితే అవే ఆ చెట్టుకు వయసు తెచ్చిపెడతాయి.

పురుగు సంగతి చూడటానికి తెల్ల కాగితం ఒకటి జేబులో పెట్టుకోండి. కొమ్మ కింద కాగితం పట్టి రెండుసార్లు తట్టాలి. రాలిన చుక్కల్లో కొన్ని కదులుతుంటే అది మొక్కల రసం పీల్చే నల్లి (మైట్). ఆ మొక్క ఇంట్లో ఉన్న వాటికి కూడా అంటిస్తుంది.

రకాల విషయానికి వస్తే, మొదటిసారి పెంచేవాళ్లకు జూనిపరే నా సలహా. అందులో ప్రొకంబెన్స్ నానా రకం గానీ, షింపాకు రకం గానీ. డ్వార్ఫ్ ఆల్బెర్టా స్ప్రూస్ అనే మరో సూది ఆకుల మొక్కకు కొమ్మలు చిక్కగా ఉంటాయి, ఎంచుకోవడానికి వీలు ఎక్కువ, కానీ నల్లికి అది చాలా ఇష్టం. ముగో పైన్, లార్చ్ అనే చెట్లు చలి గట్టిగా ఉండేచోటే సుఖంగా ఉంటాయి. వెచ్చటి వాతావరణంలో ఉండేవాళ్లు చూసి మోజుపడవద్దు. పైన్ కొనేటప్పుడు అంటు కట్టిన చోటు చూడండి. పైనా కిందా బెరడు రెండు రకాలుగా ఉండి మధ్యలో ఉబ్బుగా ఉంటే, ఏళ్లు గడిచినా ఆ మచ్చ కనబడుతూనే ఉంటుంది. అలాంటివి మేము తేవడం మానేశాం. ఈ విడతలో పైన్‌లు తక్కువగా ఉండటానికి కారణం అదే.

కొన్నాక ఏం చేయాలంటే, ముందు ఏమీ చేయవద్దు. ఆరుబయట ఎండ తగిలేచోట పెట్టి నీళ్లు పోయండి, కొత్త చిగురు వేయనివ్వండి. ఇంటి లోపల ఈ మొక్కలు బతకవు. తర్వాత ఏడాదికి ఒక్క పెద్ద పనే. కొమ్మలు కోస్తే ఆ ఏడాది వేళ్లను ముట్టుకోవద్దు. పైన్ కుండీ మార్చినప్పుడు పాత మట్టి అంతా కడిగేయకండి. వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రం ఆ మట్టిలో ఉంటుంది. సగం ఇప్పుడు, మిగతా సగం ఒకటి రెండేళ్ల తర్వాత మార్చాలి.

చివరగా, గత విడతలో తీగ చుట్టిన మొక్కలు అందుకుని, అవి బాగానే ఉన్నవాళ్లకు ఒక పని. ఈ వారంలోనే తీగను దగ్గరగా చూడండి. బెరడు తీగకు రెండు వైపులా ఉబ్బుతుంటే వెంటనే తీసేయాలి. విప్పబోతే కొమ్మ విరగవచ్చు. చుట్టు చుట్టుకూ కట్టర్‌తో తుంచి ముక్కలుగా తీయండి. అప్పటికే లోపలికి దిగి ఉంటే లాగకుండా ఫొటో పంపండి, ఎక్కడెక్కడ తుంచాలో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను.