టీ-5 కిట్ ఆర్డర్లు: షాఫ్టులు ఎందుకు ఆగాయి, ఈలోపు మీ ఇంజిన్ మీద ఏం కొలవాలి

పాత ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజిన్ వెనక టీ-5 అయిదు గేర్ల బాక్సు బిగించుకోవడానికి మా దగ్గర కిట్ ఆర్డర్ పెట్టినవాళ్లందరికీ ఇది రాస్తున్నాం. అడాప్టర్ ప్లేట్లు (ఇంజిన్‌కీ బాక్సుకీ మధ్య వచ్చే పలకలు), ఫ్లైవీళ్లు, గేర్ లివర్ సెట్లు తయారయ్యాయి. ఆగింది ఇన్‌పుట్ షాఫ్టుల (ఇంజిన్ తిప్పుడుని బాక్సులోకి తీసుకెళ్లే కడ్డీల) దగ్గర. హీట్ ట్రీట్‌మెంట్‌కి బయటికి పంపిన బ్యాచ్‌లో ఎక్కువ షాఫ్టులు మా పరిమితి దాటి వంగి వచ్చాయి. వాటిని సరిచేసి మీకు అంటగట్టం. కొత్త కడ్డీలు కోసి మొదటినుంచీ మళ్లీ చేస్తున్నాం.

టీ-5లో ఇన్‌పుట్ షాఫ్టు, దాని వెనకున్న గేరు ఒకే ముక్క. అడాప్టర్ ప్లేటు మందం ఎంతుంటే బాక్సు అంత వెనక్కి జరుగుతుంది. అందుకే షాఫ్టు ముక్కు కూడా అంత పొడుగు కావాలి. మేం వాడే స్టీలు 8620. అందులో కార్బన్ సుమారు 0.2 శాతమే, కాబట్టి ఊరికే కాల్చి నూనెలో ముంచితే గేరు పళ్లకి చాలినంత గట్టిదనం రాదు. 925 డిగ్రీల సెల్సియస్ దగ్గర కార్బన్ ఉన్న వాయువులో గంటల తరబడి ఉంచి పైపొరకి కార్బన్ పట్టించాలి. తర్వాత నూనెలో ముంచి 170 డిగ్రీల దగ్గర టెంపర్ చేయాలి, అంటే పెళుసు తగ్గేలా మళ్లీ కాస్త వేడి చేయాలి. సరిగ్గా జరిగితే పైన 0.9 మి.మీ. లోతు వరకు 58 నుంచి 62 రాక్‌వెల్ సీ గట్టిదనం వస్తుంది. లోపలి భాగం 30, 40 మధ్య ఆగి, క్లచ్ ఒక్కసారిగా పట్టినప్పుడు వచ్చే దెబ్బకి విరగకుండా తట్టుకుంటుంది.

ఆ వేడిలో స్టీలు మెత్తబడుతుంది. సన్నగా పొడుగ్గా ఉన్న షాఫ్టుని బుట్టలో అడ్డంగా పడుకోబెడితే దాని బరువుకి అదే వంగుతుంది. నూనెలోకి కూడా అడ్డంగా దిగితే కింది వైపు ముందు చల్లారి ఇంకాస్త వంగుతుంది. లేత్ మీద చెక్కినప్పుడు లోపల మిగిలిన ఒత్తిడి కూడా అప్పుడే బయటపడుతుంది. ఈసారి వరస మార్చాం. ముందు రఫ్ టర్నింగ్ చేసి కొంత మందం వదిలేస్తాం. 600 డిగ్రీల పైన కాల్చి మెల్లగా చల్లార్చి ఆ ఒత్తిడి తీసేస్తాం. ఆ తర్వాతే ఫినిష్ టర్నింగ్, స్ప్లైన్లు (క్లచ్ ప్లేటు పట్టే పొడుగు గాడులు), గేరు పళ్లు. ఫర్నేసులో ప్రతి షాఫ్టూ నిలువుగా వేలాడాలని, నూనెలోకి నిలువుగానే దిగాలని ఆర్డర్ కాగితంలోనే రాసి పంపుతున్నాం.

వంగినదాన్ని గ్రైండింగ్‌లో సరిచేయొచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. లెక్క చూడండి. గ్రైండింగ్ కోసం ఒక్కో వైపు 0.15 మి.మీ. వదులుతాం. మధ్యరేఖ 0.12 పక్కకి జరిగిన షాఫ్టుని గుండ్రంగా చేయాలంటే ఒక వైపు 0.27 పోతుంది, ఎదుటి వైపు 0.03 మాత్రమే పోతుంది. అంటే గట్టి పొర ఒక పక్క 0.63, ఇంకో పక్క 0.87 మిగులుతుంది. 0.2 జరిగిన షాఫ్టయితే ఒక పక్కకి రాయి అసలు తగలదు, నల్లమచ్చ అలాగే ఉండిపోతుంది. షాఫ్టు ఒళ్లు గ్రైండ్ చేసినా స్ప్లైన్లూ గేరు పళ్లూ పాత వంకరలోనే ఉంటాయి. ప్రెస్ మీద నొక్కి సరిచేసి, పగుళ్ల కోసం మాగ్నెటిక్ పరీక్ష చేసే పద్ధతి పెద్ద ఫ్యాక్టరీల్లో ఉంది. అక్కడ వేల ముక్కల మీద నిలదొక్కుకున్న ప్రక్రియ అది. పదీ ఇరవై ముక్కల పనిలో, 60 రాక్‌వెల్ పొరని నొక్కడం మాకు సమ్మతం కాదు. కంటికి కనపడని పగులు అక్కడే మొదలవుతుంది.

గ్రైండింగ్ అయ్యాక ప్రతి షాఫ్టునీ పలచటి నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌తో తుడుస్తాం. రాయి వేడికి ఎక్కడైనా కాలి ఉంటే అక్కడ ముదురు రంగు మచ్చ తేలుతుంది. మచ్చ తేలిన ముక్క మీ దాకా రాదు.

షాఫ్టు వచ్చేలోపు మీరు చేయాల్సిన పని ఒకటుంది, అది షాఫ్టు కంటే ముఖ్యం. 1932 నుంచి 1948 వరకు వచ్చిన ఫ్లాట్‌హెడ్ బ్లాకుల్లో బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గుల్ల) బ్లాకుతో కలిసే పోతపోసి ఉంటుంది. 1949 నుంచి 1953 వరకు వచ్చినవాటికి విడిగా బోల్టులతో బిగుస్తుంది. ఏదైనా సరే, అడాప్టర్ ప్లేటు మధ్య రంధ్రం క్రాంక్ షాఫ్టు మధ్యరేఖ మీదే ఉందో లేదో మీ ఇంజిన్ మీదే కొలవాలి. ఇన్నేళ్లు వాడి, ఎన్నోసార్లు విప్పి బిగించిన బ్లాకు వెనక ముఖం డ్రాయింగులో ఉన్నట్టే ఉంటుందని అనుకోకండి.

స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేయండి, క్రాంక్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ప్లేటు బోల్టులు పూర్తి బిగువుకి బిగించండి. ఫ్లైవీల్ మీద మాగ్నెట్ స్టాండ్ పెట్టి, డయల్ గేజ్ ముల్లు (లోపలికి నొక్కుకునే కొన) ప్లేటు రంధ్రం లోపలి గోడకి ఆనించండి. గడియారం 12 దగ్గర సున్నా పెట్టి, 3, 6, 9 దగ్గర రీడింగులు రాసుకోండి. ఉదాహరణకి 0, +0.10, +0.24, +0.14 వచ్చాయనుకుందాం. ముందు కొలత నమ్మదగిందేనా చూడాలి. 12, 6 రీడింగుల మొత్తం 0.24, 3, 9 రీడింగుల మొత్తం కూడా 0.24. రెండూ కలిశాయి కాబట్టి పర్వాలేదు. కలవకపోతే స్టాండ్ కదిలింది, లేదా గోడ మీద తుప్పో, లేచిన లోహపు అంచో ఉంది. తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. గేజ్ చూపించిన 0.24 అనేది అసలు తేడాకి రెట్టింపు. ప్లేటు జరిగింది 0.12 మాత్రమే. కింద ముల్లు లోపలికి నొక్కుకుంది, అంటే రంధ్రం కింది గోడ క్రాంక్‌కి దగ్గరగా ఉంది, అంటే ప్లేటు పైకి ఎక్కి కూర్చుంది. 0.12 కిందికి దించాలి. పక్కల తేడా 0.04, అందులో సగం 0.02. ముల్లు ఎక్కువ నొక్కుకున్న 9 వైపుకి అంత జరపాలి. గేజ్ మొత్తం తిరుగుడు 0.13 మి.మీ. లోపుంటే వదిలేయండి. పాత కొలతల్లో అది అంగుళంలో వెయ్యికి అయిదు వంతులు, చాలాకాలంగా నడుస్తున్న పరిమితి. దాటితే మాత్రం సర్దుకుపోవద్దు. మధ్యరేఖలు కలవని బాక్సులో పైలట్ బుష్ (క్రాంక్ చివర షాఫ్టు ముక్కుని పట్టే బుష్) కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది, క్లచ్ పూర్తిగా వదలదు, ఇన్‌పుట్ బేరింగ్ గోల పెడుతుంది, లోడ్ మీద గేరు దానంతటదే జారి న్యూట్రల్‌కి వస్తుంది. వీటిలో ఏదొచ్చినా జనం గేర్‌బాక్సునే విప్పుతారు.

అందుకే ఇకనుంచి ప్లేట్లలో డోవెల్ (ప్లేటు కదలకుండా పట్టే పిన్ను) రంధ్రాలు వేయకుండా పంపుతాం. బోల్టులు కాస్త వదులుగా పెట్టి, గేజ్ చూస్తూ ప్లేటుని మెల్లగా తట్టి సర్దండి. బిగించాక మళ్లీ కొలవండి, ఎందుకంటే బిగించేటప్పుడు ప్లేటు కదులుతుంది. కుదిరాక డ్రిల్ చేసి రీమర్ వేసి డోవెల్ పిన్నులు దింపండి. పిన్నులు, వాటికి తగ్గ రీమర్ కిట్‌తోనే వస్తాయి. ప్లేటు వెనక ముఖం మీద కూడా గేజ్ తిప్పండి. అప్పుడు క్రాంక్‌ని ముందువైపుకి నొక్కిపెట్టి తిప్పాలి, లేకపోతే క్రాంక్ ముందూ వెనకా ఆడే ఆట కూడా రీడింగులో కలుస్తుంది.

తర్వాత లోతు. ప్లేటు వెనక ముఖం నుంచి పైలట్ బుష్ అంచు వరకు ఒక కొలత, బాక్సు ముందు ముఖం నుంచి షాఫ్టు ముక్కు చివర వరకు ఇంకో కొలత. మొదటిది 182, రెండోది 196 అయితే ముక్కు బుష్‌లోకి 14 మి.మీ. వెళ్తుంది. 12 నుంచి 15 మధ్య ఉంటే మాకు తృప్తి. ముక్కు వెనక కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. ఖాళీ లేకపోతే బాక్సు బోల్టులు బిగించేకొద్దీ షాఫ్టు క్రాంక్‌ని ముందుకి తోస్తుంది, థ్రస్ట్ బేరింగ్ కొద్ది కాలంలోనే అరిగిపోతుంది. బాక్సు బిగించకముందు, బిగించాక క్రాంక్ ఎండ్ ప్లే (ముందూ వెనకా ఆడే ఆట) కొలవండి. రెండూ ఒకటే రావాలి. ఇంకో మాట: బాక్సు చేత్తో నెడితే చివరిదాకా వెళ్లి కూర్చోవాలి. బోల్టులతో లాగితే ప్లేటు చెవి విరుగుతుంది, లేదా క్లచ్ ప్లేట్ హబ్ వంగుతుంది.

మెరుపు విషయానికొద్దాం. కారు కింద అద్దాలు పెట్టి చూపించే షోల కోసం బాక్సూ ప్లేటూ అద్దంలా మెరవాలని మీలో సగం మంది అడిగారు. చేస్తాం, కానీ వరస మాది. బఫింగ్ ముందు, ముఖాల మిల్లింగ్ తర్వాత. మిల్లింగ్ అయ్యాక బఫ్ చక్రం తగిలితే అంచులు గుండ్రబడి గాస్కెట్ దగ్గర నూనె కారుతుంది. మీరే ఇంకెక్కడైనా బఫింగ్ చేయించుకునేట్టయితే జతపడే ముఖాల మీద అట్టో రేకో బిగించమని చెప్పండి. ప్లేటుకి హార్డ్ యానోడైజింగ్ కావాలన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: 25 మైక్రాన్ల పూతలో సగం పైకి లేస్తుంది, కాబట్టి రంధ్రం వ్యాసం సుమారు 25 మైక్రాన్లు తగ్గుతుంది. యానోడైజింగ్ అయ్యాకే డోవెల్ రంధ్రాలు వేయండి. మధ్య రంధ్రం మూయించే పంపండి.

క్రోమ్ మాత్రం లివర్‌కి, కవర్లకి, మెత్తటి స్టీలు బ్రాకెట్లకి మాత్రమే చేస్తాం. ప్లేటింగ్ తొట్టిలో గట్టి స్టీలు హైడ్రోజన్ పీల్చుకుని పెళుసవుతుంది. అది పోగొట్టాలంటే నాలుగు గంటల్లోపు 190 డిగ్రీల పైన గంటల తరబడి కాల్చాలి. మా షాఫ్టులు 170 దగ్గర టెంపర్ అయినవి కాబట్టి ఆ వేడికి గట్టిదనం దిగుతుంది. కాల్చకపోతే పెళుసు, కాల్చితే మెత్తన. అందుకే షిఫ్ట్ ఫోర్కులు, స్ప్రింగులు, 12.9 గ్రేడ్ బోల్టులు, షాఫ్టులు క్రోమ్ చేయం. ఎవరెంత అడిగినా ఇది మారదు.

గేర్ లివర్ పొడుగు విషయంలో ఒక లెక్క. పివట్ పైన 300, కింద 50 మి.మీ. ఉంటే నిష్పత్తి 6. లోపల రాడ్ 10 మి.మీ. కదలాలంటే మీ చేతిలో గుండు 60 కదులుతుంది. పాతకాలపు వంపు లివర్ అందంగా ఉంటుందని పైభాగం 500 చేస్తే అదే గుండు 100 కదలాలి. లింకేజీలో అర మిల్లీమీటరు వదులుంటే చేతిలో 5 మి.మీ. ఊగుతుంది. పొడుగు కావాలంటే పివట్ కింది చేయి కూడా పెంచుదాం, అయితే అందుకు బాక్సు మీద చోటు కావాలి. టన్నెల్ (బాక్సుని కప్పే నేల ఉబ్బు) లోపలి ఎత్తు కొలిచి పంపండి.

1948 వరకు వచ్చిన ఫోర్డ్ కార్లకి టార్క్ ట్యూబ్ (డ్రైవ్ షాఫ్టు చుట్టూ ఉండే గొట్టం) ఉంటుంది, చక్రాల తోపుడంతా దాని గుండానే ముందుకొస్తుంది. టీ-5 పెట్టి అది తీసేశాక వెనక యాక్సిల్‌ని పట్టి ఉంచడానికి వేరే రాడ్లు కావాలి. అవి మా కిట్‌లో లేవు. యూ జాయింట్ల కోణాలు రెండు చివరలా సమానంగా, 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉంచండి.

ఆయిల్ గురించి రోజూ ఫోన్లు వస్తున్నాయి. వరల్డ్ క్లాస్ (తర్వాత వచ్చిన రకం) టీ-5కి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే నూనె) పోయాలి, పాత రకానికి గేర్ ఆయిల్. ఇత్తడి సింక్రో రింగులున్న బాక్సులో జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోయకండి.

కొత్త షాఫ్టులకి తేదీ చెప్పడం లేదు. గ్రైండింగ్ పూర్తయి, మీ షాఫ్టు రనౌట్ (తిప్పినప్పుడు కనిపించే వంకర) రీడింగులు మీకు పంపిన తర్వాతే పెట్టె కడతాం. ఆగలేనివాళ్లకి షాఫ్టు వరకు డబ్బు వెనక్కి ఇస్తాం, లేదా మొత్తం ఆర్డర్ రద్దు చేసి పూర్తి డబ్బు ఇస్తాం. ప్లేటూ ఫ్లైవీలూ ముందే కావాలంటే ఈ వారం నుంచే పంపుతాం. అలా తీసుకునేవాళ్లు నాలుగు గేజ్ రీడింగులు, రెండు లోతు కొలతలు, మీ క్లచ్ ప్లేట్ స్ప్లైన్ల సంఖ్య తిరిగి రాయండి. టీ-5ల్లోనే 10, 14, 26 పళ్ల షాఫ్టులున్నాయి, ఫోటో చూసి తేల్చలేం, లెక్కపెట్టాల్సిందే. ఆ కొలతలు వచ్చినవాళ్ల షాఫ్టు ముక్కు పొడవుని ఫినిష్ టర్నింగ్‌లోనే వాళ్ల ఇంజిన్‌కి తగ్గట్టు కోస్తాం.