అర్థమైందా అని అడగకు

చిరంజీవి చిన్నాకు, అమ్మ ఆశీస్సులు.

ఆదివారం ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు నీ తరగతి గదిలోనే ఉంది. భిన్నాల కూడిక చెప్పిన రోజు పిల్లలంతా గలగలా జవాబులు చెప్పారనీ, మూడు వారాలు తిరిగేసరికి సగం మంది నాలుగో వంతుకు మూడో వంతు కలిపి 2/7 అని రాశారనీ చెప్పావు. "నాకు చెప్పడం చేతకాదేమో అమ్మా" అన్నావు. ఏదో సర్దిచెప్పి ఫోను పెట్టేశాను కానీ, ఇది రెండు ముక్కల్లో తేలే మాట కాదు. అందుకే కాగితం ముందేసుకున్నాను.

నీకు చెప్పడం వచ్చు. ఆ రోజు వాళ్లకు అర్థమైన మాటా నిజమే. అయితే అప్పుడే విన్నదాన్ని అప్పుడే అప్పజెప్పడం వేరు, నెల తర్వాత అవసరం పడ్డప్పుడు అది చేతికి అందడం వేరు. మొదటిది కళ్లకు కనిపిస్తుంది, రెండోది కనిపించదు. కనిపించినదాన్ని చూసి మురిసిపోయి పాఠం ముగించేస్తాం. లెక్కల టీచరుగా నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. "అర్థమైందా?" అని అడిగేదాన్ని, "అర్థమైంది టీచర్" అని నలభై గొంతులు ఒక్కసారిగా పలికేవి, తృప్తిగా చాక్‌పీసు పెట్టేసేదాన్ని. ఆ నలభైలో ఏ గొంతు నిజం చెబుతోందో, ఏది పక్కవాళ్లతో పాటు పలుకుతోందో నాకు తెలిసేది కాదు. అలా నా ముందు నుంచి వెళ్లిపోయిన పిల్లలను తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నీ దగ్గర అది జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మరచిపోవడం పిల్లల బద్ధకం కాదు, నీ లోపమూ కాదు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే దాన్ని కొలిచి చూపించారు. అర్థం లేని అక్షరాల వరసలను తానే బట్టీ పట్టి, కొంతకాలం ఆగి, వాటిని మళ్లీ నేర్చుకునేటప్పుడు మొదటిసారి పడిన శ్రమలో ఎంత ఆదా అవుతోందో లెక్కకట్టారు. గంటకే ఆ ఆదా సగానికన్నా కిందికి దిగింది. మరునాటికి మూడో వంతుకు వచ్చింది. కానీ నెల గడిచినా ఇంచుమించు ఐదో వంతు మిగిలే ఉంది. మొదట్లో జారినంత వేగంగా తర్వాత జారదన్నమాట. ఆయనే ఇంకో సంగతి కూడా గమనించారు. ఒకే రోజు 68 సార్లు వల్లె వేస్తే వచ్చిన ఫలితం, అదే పనిని మూడు రోజులకు పంచుకుంటే 38 సార్లకే వచ్చింది. మధ్యలో ఎడం ఇవ్వడం వల్లనే శ్రమ దాదాపు సగానికి తగ్గింది.

నువ్వేమో భిన్నాలకు వరసగా ఆరు పీరియడ్లు ఇచ్చి, ఆ తర్వాత మూడు వారాలు వాటి ఊసే ఎత్తలేదు. ఆ ఆరింటిలో ఒక్క పీరియడు సమయాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి రాబోయే వారాలకు దాచుకుని ఉంటే కథ వేరుగా ఉండేది.

దాచుకున్న సమయంలో ఏం చేయాలన్నదే అసలు సంగతి. మళ్లీ చెప్పకు, అడుగు. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు పరిశోధకులు కళాశాల విద్యార్థులకు రెండేసి చిన్న వ్యాసాలు ఇచ్చారు. ఒకదాన్ని రెండుసార్లు చదవాలి. రెండోదాన్ని ఒక్కసారే చదివి, తర్వాత దాన్ని చూడకుండా గుర్తున్నంత రాయాలి. ఐదు నిమిషాలకే పరీక్ష పెట్టినప్పుడు రెండుసార్లు చదివిన వ్యాసానిదే పైచేయి: అది 81 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినది 75 శాతం. వారం ఆగి పరీక్ష పెడితే తక్కెడ తిరగబడింది. రెండుసార్లు చదివినది 42 శాతానికి పడిపోతే, గుర్తుచేసుకుని రాసినది 56 శాతం దగ్గర నిలిచింది. ఇందులో నన్ను నిద్రపోనివ్వనిది ఐదు నిమిషాల అంకె. తరగతిలో మన కళ్లకు కనిపించేది ఎప్పుడూ ఆ ఐదు నిమిషాల ఫలితమే. అది చూసుకునే మంచి పాఠం చెప్పామనుకుంటాం. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పావని నలుగురూ నిన్ను మెచ్చుకున్న రోజున కూడా ఈ అంకె గుర్తుంచుకో.

ఉద్యోగం చివరి ఏళ్లలో నేను చేసినది చెబుతాను. పీరియడు మొదలయ్యేసరికి బోర్డు మీద మూడు ప్రశ్నలు ఉండేవి. ఒకటి నిన్నటి పాఠంలోది, ఒకటి పోయిన వారంలోది, మూడోది నెల కిందటిది. నోట్సు మూసి ఎవరికి వారు రాయాలి. ఐదు నిమిషాలయ్యాక జవాబులు బోర్డు మీద వేసేదాన్ని, ఎవరిది వాళ్లే దిద్దుకునేవారు. మార్కులు లేవు, రిజిస్టరులో ఎక్కించడం లేదు. ఈ షరతును మాత్రం ఎంతమాత్రం సడలించకు. మార్కు పడుతుందని తెలిస్తే పిల్లల చూపు పక్కవాళ్ల కాగితం మీదికి పోతుంది. మొదటి పది రోజులు నీకు నీరసం వస్తుంది. నెల కిందటి ప్రశ్న దగ్గర చాలా కాగితాలు తెల్లగా ఉంటాయి. కంగారుపడి పాఠమంతా మొదటి నుంచి ఎత్తుకోకు. మొదటి మెట్టు మాత్రం చూపించు, మిగతాది వాళ్లనే తడుముకోనివ్వు. ఆ తడుముకోవడంలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది.

నోటితో అడిగేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు ఎన్నో తరగతుల మాటలను రికార్డు చేసి విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగుతున్నది ఒక్క సెకను మాత్రమేనని, ఆలోగా జవాబు రాకపోతే ఇంకొకరిని అడుగుతున్నారని, లేదా తామే చెప్పేస్తున్నారని 1970లలో ఆమె తేల్చారు. ఆ ఒక్క సెకనును మూడుకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పని పిల్లలు తగ్గారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం పెరిగింది. పిల్లలు జవాబు చెప్పాక కూడా అంతసేపు ఆగాలన్నారు ఆమె. వెంటనే "శభాష్" అనేస్తే మిగతావాళ్ల ఆలోచన అక్కడితో ఆగిపోతుంది.

మూడు సెకన్లే కదా అనుకుంటావు. నిలబడి చూడు, ఎంత పొడుగ్గా ఉంటాయో తెలుస్తుంది. మొదటిసారి ప్రయత్నించిన రోజు నేను చేతులు వెనక్కి కట్టుకుని వేళ్లతో లెక్కపెట్టాను. ముందు వరసలో ఎప్పుడూ లేచే చేతులు లేచాయి. వాళ్లను పిలవలేదు. గదిలో ఫ్యాను చప్పుడు వినబడుతోంది. మూడో వరసలో గోడ పక్కన ఒక పిల్ల, ఏడాదంతా నాతో ఒక్క మాట మాట్లాడనిది, బల్ల అంచు మీద బొటనవేలితో ఏదో గీస్తూ ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఇంకాసేపు ఆగాను. తల ఎత్తకుండానే అంది: "టీచర్, నాలుగో వంతు ముక్క చిన్నది, మూడో వంతు ముక్క పెద్దది. రెండూ కలిపి రెండు ముక్కలని ఎలా అంటాం?" నేను వారం రోజుల పాటు బోర్డు మీద చెప్పాలని చూసిన మాట అదే. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. నేను ఒక్క సెకనుకే నోరు విప్పి ఉంటే ఆ మాట ఆ పిల్ల లోపలే ఉండిపోయేది.

అందుకే నీ తరగతిలో పిల్లలు రాసిన 2/7 చూసి దిగులుపడకు, దాన్నే పాఠంగా చేయి. బోర్డు మీద రాసి, ఎవరు రాశారన్నది బయటపెట్టకుండా, ఇది 1/3 కన్నా పెద్దదా చిన్నదా అని అడుగు. అందరూ చిన్న కాగితం మీద రాసి ఒకేసారి పైకెత్తాలి. చేతులెత్తించకు, చేతులెత్తిస్తే తెలిసిన నలుగురే కనిపిస్తారు. కాగితాలు ఎత్తిస్తే ఒక్క చూపులో తరగతంతా కనిపిస్తుంది. తర్వాత 1/3 అంటే 2/6 కదా అని గుర్తుచేయి. ఆరో వంతు ముక్కలు రెండు ఎక్కువా, ఏడో వంతు ముక్కలు రెండు ఎక్కువా? 2/7 చిన్నదని తేలుతుంది. మరి 1/3కి ఇంకొంత కలిపితే 1/3 కన్నా తక్కువ ఎలా వచ్చింది? ఇంతవరకు అడిగి ఊరుకో. ఆ తప్పు ఎక్కడుందో వాళ్లే పట్టుకుంటారు.

ఇంటిపని గురించి కూడా ఒక మాట. ఒకే రకం లెక్కలు ఇరవై ఇస్తున్నానన్నావు. రోరర్, టేలర్ అనేవాళ్లు 2007లో ఘనపరిమాణం లెక్కలతో ఒక పరీక్ష చేశారు. ఒక గుంపు ఒక్కో రకాన్ని వరసగా చేసింది, ఇంకో గుంపు నాలుగు రకాలను కలగలిపి చేసింది. సాధన చేస్తున్నంతసేపు వరసగా చేసినవాళ్లకు 89 శాతం ఒప్పులు, కలగలిపిన వాళ్లకు 60. వారం తర్వాత వరసవాళ్లు 20 శాతానికి జారిపోయారు, కలగలిపిన వాళ్లు 63 దగ్గర ఉన్నారు. కారణం చిన్నదే. ఇరవై కూడికలు వరసగా ఇస్తే రెండో లెక్క నుంచి ఏ పద్ధతి వాడాలన్న ఆలోచన అక్కర్లేదు, చెయ్యే నడుస్తుంది. పరీక్షలో కావలసింది ఆ ఆలోచనే. అందుకని ఎనిమిది కొత్తవి, మిగతా పన్నెండు పాత పాఠాలవి ఇచ్చి చూడు.

అలాగని అన్నీ కష్టం చేయమని కాదు నాన్నా. కొత్త పాఠం మొదటి రోజున పిల్లల్ని గాలికి వదిలేయకూడదు. మనసు ఒకేసారి పట్టుకోగలిగినవి నాలుగైదు సంగతులకు మించవు. జాన్ స్వెల్లర్ 1980లలో బీజగణితం మీద చేసిన పని చూపించింది కూడా అదే: కొత్తగా నేర్చుకునేవాళ్లకు లెక్కలు వదిలేసి చేసుకోమనడం కన్నా, చేసి చూపిన లెక్కలను చదివించడం మేలు. ముందు పూర్తిగా చేసి చూపించు, తర్వాత చివరి మెట్టు వదిలిపెట్టి ఇవ్వు, ఆపైన సగం ఇవ్వు, ఆ తర్వాతే మొత్తం వాళ్ల చేతికి. చెప్పడం ఎక్కడ ఆపి అడగడం ఎక్కడ మొదలుపెట్టాలో ఏ పరిశోధనా చెప్పలేదు, అది పిల్లల ముఖాలు చూస్తూ నువ్వే నేర్చుకోవాలి.

శిక్షణలో పిల్లల్ని చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని విడదీయమన్నారని రాత్రిళ్లు మేలుకుని మూడు రకాల పాఠాలు తయారుచేస్తున్నావట. మానేయి. 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ వాదానికున్న ఆధారాలను జల్లెడ పట్టి, అలా విడదీసి బోధించడానికి తగిన రుజువు లేదని తేల్చారు. బొమ్మ కావలసిన చోట అందరికీ బొమ్మ వేయి. ఆ మిగిలిన గంట నిద్రపో.

దిద్దే పుస్తకాల మీద మార్కు వేసి, పక్కన మాట కూడా రాస్తున్నానన్నావు. రూత్ బట్లర్ 1988లో పరీక్షించి చూశారు. మార్కు లేకుండా మాట మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు, మార్కూ మాటా రెండూ అందుకున్నవాళ్లు మెరుగుపడలేదు. అంకె కనబడగానే కళ్లు అక్కడే ఆగిపోతాయి. వారపు పనికైనా అంకె తీసేయి. "రెండో మెట్టులో హారం ఎందుకు మారింది?" అని ఒక్క ప్రశ్న రాసి, దానికి జవాబు రాసి తెమ్మను.

రేపు ఉదయం ఆ మూడు ప్రశ్నలతో మొదలుపెట్టు. నెల కిందటి ప్రశ్నకు ఎంతమంది రాయగలిగారో ఒక మూల రాసుకో, పండుగ సెలవుల ముందు ఇంకోసారి చూసుకో. 2/7 రాసిన కాగితాల్లో ఒకటి నా కోసం దాచిపెట్టు. వచ్చినప్పుడు చూస్తాను.

ఉంటాను,
అమ్మ